నాకు రాని కామెర్లు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాకు పచ్చకామెర్లు వచ్చాయని మండపేటలో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి మా మేనత్త ఫోన్ చేసి చెప్పింది. నిజానికి నాకు కామెర్లు ఎప్పుడూ రాలేదు. వచ్చింది వేరే జబ్బు. దాన్ని పేరు పెట్టి పిలవడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేక, నలుగురిలో చెప్పుకోదగ్గ జబ్బు ఒకటి చూసి నాకు తొడిగారు. కొలతలు సరిపోలేదు. అయినా కొన్ని వారాలు దాన్నే వేసుకుని తిరిగాను.

మాది స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. సారె సామాన్లకి వచ్చేవాళ్ళు, రైసు మిల్లుల్లో వంటకి గిన్నెలు కొనేవాళ్ళు, ఏమీ కొనకుండా నాన్నగారితో కబుర్లాడి వెళ్ళేవాళ్ళు, అందరూ మా మెట్ల కిందే కూర్చుంటారు. పైన కూర మాడితే కింద బేరమాడుతున్నవాళ్ళు "ఇవాళ బెండకాయ అండీ?" అని అడుగుతారు. అలాంటి ఇంట్లో ఒక పిల్ల దిగులుపడాలంటే చాలా కష్టం.

ఆ ఏడు దసరా సెలవుల తర్వాత నాకు పొద్దున్నే లేవాలంటే భయం వేయడం మొదలైంది. ఎందుకో తెలియదు. మార్కులు బాగానే వచ్చేవి. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. స్కూలు వ్యాను హారన్ వినపడితే చాలు, గుండె దడదడలాడేది, అరచేతులు చల్లబడేవి, ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోయేది. వ్యాను వెళ్ళిపోయాక భయం పోయి, ఆ చోట్లో దిగులు వచ్చి కూర్చునేది. అన్నం సయించేది కాదు. స్నేహితులు ఫోన్ చేస్తే పలకాలనిపించేది కాదు. స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చేదాన్ని. నాకు పిచ్చెక్కుతోందేమోనని భయం. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని ఇంకా పెద్ద భయం.

మావాళ్ళు ఊరుకోలేదు. ఫోన్ చూడటం వల్లేనని నాన్నగారు నా ఫోన్ లాక్కున్నారు. రక్తం తక్కువైందని అమ్మ రోజూ బీట్‌రూట్ రసం పట్టింది. స్కూల్లో టీచరు మావాళ్ళని పిలిపించి "కొంచెం లేజీనెస్ అండి, స్టడీ అవర్స్ పెంచితే సెట్ అయిపోద్ది" అని ధైర్యం చెప్పింది. వైద్యాలన్నీ ఒకేసారి జరుగుతుండగా, ఒకరోజు వ్యాను మెట్టు మీదే కళ్ళు తిరిగి కూలబడ్డాను.

మా డాక్టరు గారు రక్తపరీక్షలు చేయించి, అన్నీ బాగున్నాయన్నారు. తర్వాత నాన్నగారిని పక్కకి పిలిచి, రాజమండ్రిలో మనసుకి వైద్యం చేసే డాక్టరు ఒకావిడ ఉన్నారని, ఓసారి చూపించమని చెప్పారు. అన్నీ బాగున్నాయన్న మాటకి మా ఇంట్లో అంత కంగారు నేనెప్పుడూ చూడలేదు.

తాడితోటలో బట్టలు కొనడానికి వెళుతున్నామని కొట్లో గుమాస్తాకి చెప్పి రాజమండ్రి బయల్దేరాం. చెప్పాక కొనకపోతే అనుమానం వస్తుంది కదా, ముందు చీరలే కొన్నాం. కారు ఆసుపత్రికి దూరంగా ఎక్కడో ఆపి, అమ్మ ముఖం మీదికి కొంగు లాక్కుంది, నాన్నగారు మాస్కు పెట్టుకున్నారు. ముసుగు లేకుండా నడిచింది పేషెంటు ఒక్కతే.

డాక్టరు గారు మావాళ్ళని బయట కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా తొందర లేకుండా విన్నారు. "నీకు వచ్చినవాటిని యాంగ్జైటీ అంటారు, డిప్రెషన్ అంటారు. జ్వరంలాగే ఇవీ జబ్బులే. తగ్గుతాయి, కాకపోతే నెలలు పడుతుంది. నువ్వు కావాలని చేస్తున్నది ఇందులో ఏమీ లేదమ్మా" అన్నారు. ఆ చివరి మాటకి నాకు ఏడుపొచ్చింది. ఈసారి కుళాయి అక్కర్లేకపోయింది.

తర్వాత మావాళ్ళని లోపలికి పిలిచి, మాత్రలు మధ్యలో ఆపొద్దనీ, నన్ను రోజూ ఆరుబయట నడవనివ్వమనీ, స్నేహితులతో కలవనివ్వమనీ, చెప్పిన రోజుకి మళ్ళీ తీసుకురమ్మనీ చెప్పారు. నాన్నగారు అన్నిటికీ "అలాగేనండి" అన్నారు. మా వైపు అలాగేనండి అంటే విన్నామని మాత్రమే అర్థం.

ఇంటికి వచ్చేసరికి మా మేనత్త హాల్లో కూర్చుని ఉంది. నాన్నగారికి అక్క. పక్క వీధిలోనే ఉంటుంది. మామయ్య పోయాక మా అందరి వ్యవహారాలూ, ఎవరూ అడక్కుండానే, ఆవిడ చేతిలోకి వచ్చేశాయి. సంబంధాలు చూడాలన్నా, పరామర్శకి వెళ్ళాలన్నా ముందు ఆవిడే. ఆవిడ ఖాళీగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. చీకటితోనే లేచి గుమ్మం ముందు వేసే ముగ్గుని పక్క వీధులవాళ్ళు ఫోన్లలో ఫోటోలు తీసుకుని వెళతారు. సంగతంతా విన్నాక ఆవిడ ఏమాత్రం తడబడలేదు.

"పిచ్చి డాక్టరు అన్న మాట ఈ గుమ్మం దాటకూడదు తమ్ముడూ. రేప్పొద్దున్న పిల్లకి సంబంధాలు రావాలా వద్దా? కామెర్లని చెప్పండి."

"కామెర్లేంటక్కా?"

"నీరసంగా ఉంటది, అన్నం సయించదు, స్కూలుకి వెళ్ళక్కర్లేదు, ఎవరూ తప్పుపట్టరు. దీనికి అన్నీ సరిపోతాయి."

అంత త్వరగా జబ్బు తేల్చిన మనిషిని నేను తర్వాత ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కబురు పడింది. సాయంత్రానికల్లా చెరకు రసం తాగమని ఒకరు, తాగొద్దని ఒకరు వీడియోలు పంపారు. మర్నాటి నుంచి పరామర్శలు. మా వైపు జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో రావడం మర్యాద కాదు. రావులపాలెం అరటి మార్కెట్లో బేరాలు తగ్గాయేమో అనిపించేంతగా మా ఇంటికి అరటిపండ్ల అత్తాలు వచ్చాయి. అవి పండి, మగ్గి, ఈగలు ముసిరి, చివరికి అరటిపండు వాసనొస్తే నాకు దడ పుట్టే పరిస్థితి వచ్చింది.

వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోరు, నా రెప్ప కిందికి లాగి కళ్ళు చూస్తారు. అత్తయ్య దీనికి ముందే ఏర్పాటు చేసింది. హాల్లో ట్యూబులైటు తీయించి పసుపుపచ్చ బల్బు పెట్టించింది. చూడటానికి సాయంత్రాలే రమ్మంది. ఆ వెలుగులో ఒక మిల్లు యజమాని గారు నా కళ్ళు చూసి "గుడ్లు నిమ్మపండు రంగులో ఉన్నాయండి బాబూ, జాగ్రత్త" అన్నారు. ఆ వెలుగులో ఆయన పంచె కూడా నిమ్మపండు రంగులోనే ఉంది.

కామెర్లున్న ఇంట్లో పోపు వాసన రాకూడదు. అందుకని ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడు. నాన్నగారికి మాత్రం ఎప్పుడూ లేనిది పొద్దున్నపూట మిల్లుల వాళ్ళతో మీటింగులు మొదలయ్యాయి. అక్కణ్ణుంచి వచ్చినప్పుడు ఆయన దగ్గర అల్లం పచ్చడి వాసన వచ్చేది.

నవ్వులాటకి చెబుతున్నాను కాని ఆ రోజుల్లో నాకు నవ్వు రాలేదు. డాక్టరు గారు చేయమన్నవేవీ కామెర్లకి పనికిరావు. నడుద్దామంటే కామెర్ల పిల్ల ఎండలో తిరుగుతుందా అనేవారు. స్నేహితులు వస్తామంటే వద్దనేవారు, అంటుకుంటుందని వాళ్ళ అమ్మలు భయపడతారట. రాజమండ్రి మాత్రలు మెంతుల డబ్బాలో దాచి, తలుపు గడియపెట్టి వేసేవారు. పసరు మందు మాత్రం కింద అరుగు మీద కూర్చోబెట్టి వీధంతా చూస్తుండగా పట్టేవారు. ఉన్న జబ్బుకి దొంగతనంగా, లేని జబ్బుకి దొరతనంగా వైద్యం జరిగింది.

ఆ పసరు కోసం ఒక ఆదివారం పరగడుపున పక్క పల్లెకి కూడా తీసుకెళ్ళారు. కామెర్లకి మందిచ్చే పెద్దాయన నా చేతులకి ఏదో బెరడు రసం రాసి, సున్నపు నీళ్ళలో కడిగించాడు. నీళ్ళు పచ్చగా మారాయి. ఆయన పళ్ళెంలోకి చూసి పెదవి విరిచాడు.

"బాగా ముదిరిందండి. ఇంకో వారం చూస్తే మా చేతుల్లో ఉండేది కాదండి."

దారి పొడుగునా అమ్మ నా అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఇంటికొచ్చాక అత్తయ్యని వంటింట్లోకి పిలిచి, "వదినా, దీనికి నిజంగా కామెర్లు కూడా ఉన్నాయంటారా?" అని అడిగింది.

వచ్చిన చిక్కంతా అక్కడే. మావాళ్ళు ఊరికి చెప్పిన అబద్ధం ఊరు తిరిగి వచ్చేసరికి మావాళ్ళకే నిజంలా కనపడింది. కామెర్లకి ఒక గడువుంటుంది. ఆ గడువు కాగానే నాకు తలంటి పోసి, పులిహోర, గుత్తి వంకాయ కూర చేసి, పథ్యం విడిపించారు. పక్కింటివాళ్ళకి పరమాన్నం పంచారు. గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. రాజమండ్రి వెళ్ళాల్సిన రోజు వస్తే "తగ్గిందిగా, మళ్ళీ ఎందుకు?" అన్నారు నాన్నగారు. మాత్రలు అయిపోయి, మెంతుల డబ్బాలో మళ్ళీ మెంతులే మిగిలాయి. నాకు తగ్గలేదని అందామనుకున్నాను. పరమాన్నం పంచేశాక ఆ మాట ఎలా అనాలో తెలియలేదు.

సోమవారం వ్యాను వచ్చింది. కొట్టు మెట్టు దిగాను, అంతే. కాళ్ళు కదల్లేదు. ఊపిరి అందలేదు. అందరూ చూస్తుండగా స్టీలు బిందెల మధ్య కూర్చుండిపోయి వెక్కివెక్కి ఏడ్చాను. వ్యానులో పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. చచ్చిపోతే బాగుండునని ఆ రోజే మొదటిసారి అనిపించింది. అనిపించినందుకు ఇంకా భయమేసింది.

మధ్యాహ్నం సమావేశం పెట్టారు. నాకు ఏమైందన్నది ఎవరూ అడగలేదు. ఈసారి ఊళ్ళో ఏం చెప్పాలన్నదే విషయం. డెంగ్యూ అని నాన్నగారన్నారు. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి కొట్టు నిండా పొగ కొడతారని ఆయనే మానుకున్నారు. అపెండిసైటిస్ అంటే కుట్లు చూపించమంటారు. అప్పుడు అమ్మకి తట్టింది.

"టైఫాయిడ్ అందామా వదినా? అదైతే తిరగబెడతది కూడాను."

"టైఫాయిడ్ వద్దు" అంది అత్తయ్య.

"ఏం వదినా?"

"వద్దన్నానుగా."

కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయింది. అత్తయ్య మా ఇంట్లో కాఫీ వదిలేసి లేవడం అదే మొదలు.

మర్నాడు నేను మేడ మీద నీడలో కూర్చుని ఉంటే, ఎండబెట్టిన గుమ్మడి వడియాలు తిరగేసే మిషతో పైకి వచ్చింది. కాసేపు వడియాలే తిరగేసింది. తర్వాత నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"పదో క్లాసులో నాకూ ఇంతే అమ్మలూ. మంచం దిగేదాన్ని కాదు. ఎవరైనా పలకరిస్తే ఏడుపు. టైఫాయిడ్ వచ్చిందని మీ తాతగారు ఊళ్ళో చెప్పారు. కొన్నాళ్ళకి తగ్గిందనీ ఆయనే చెప్పారు. నన్నెవరూ అడగలేదు. మళ్ళీ చదువుకి పంపలేదు, పెళ్ళి చేసేశారు."

"తగ్గలేదా అత్తయ్యా?"

ఒక వడియం విరిగింది. దాన్ని పక్కన పెట్టింది.

"తెల్లారగట్ల దడ ఇప్పటికీ వస్తది. పడుకుంటే ఊపిరాడదు. అందుకని లేచి ముగ్గేస్తాను. దడ తగ్గేదాకా వేస్తూనే ఉంటాను. పెద్ద ముగ్గని అందరూ మెచ్చుకుంటారు."

నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. "అంత తెలిసీ నా చేత కూడా అబద్ధమే ఆడించారేంటి?" అన్నాను. గొంతు పెద్దదైంది. కొట్లోకి వినపడే ఉంటుంది.

"నాకు తెలిసిన వైద్యం అదొక్కటేనమ్మా" అంది.

తర్వాత ఇద్దరం కలిసి వడియాలన్నీ తిరగేశాం. ముందురోజు బిందెల మధ్య నాకేమనిపించిందో అప్పుడే ఆవిడకి చెప్పాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కూడా నా చెయ్యిలాగే చల్లగా ఉంది. చాలాసేపు వదల్లేదు. లేచి కిందికి వెళ్ళి, బేరం మధ్యలో ఉన్న నాన్నగారితో "కారు తియ్యి తమ్ముడూ" అంది.

కొట్లో జనం ఉన్నారు. గుమాస్తా "మళ్ళీ తాడితోటకాండి?" అన్నాడు.

"కాదు నాయనా. రాజమండ్రి ఆసుపత్రికి. పిల్లకి మనసు బాగోలేదు" అంది అత్తయ్య. పళ్ళేలు చూస్తున్న ఇద్దరాడవాళ్ళు మా వైపు తలెత్తి చూసి, మళ్ళీ పళ్ళేలు చూసుకున్నారు. మా ఇంట్లో ఇన్నాళ్ళూ భయపడిన ప్రళయం అంతే.

ఈసారి కారు ఆసుపత్రి గుమ్మం ముందే ఆగింది. లోపల చీటీలు రాసే అమ్మాయి "ఎవరికండి?" అని అడిగింది. నాన్నగారు మాస్కు సవరించుకుని నా వైపు చూపించారు.

"ఇద్దరికమ్మా" అంది అత్తయ్య.

నాన్నగారు గబుక్కున ఆవిడ వైపు తిరిగారు. ఆ అమ్మాయి నా చీటీ రాసి, అత్తయ్యని "మీకేంటండి ప్రాబ్లమ్?" అంది.

అత్తయ్య కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చిందని చెప్పారమ్మా. ఇంకా తగ్గలేదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఇంకో చీటీ తీసి, వయసెంతండి అని అడిగింది.