ఆ రాయి ఇవ్వను

మెట్టుగూడలో మా గల్లీకి కమ్యూనిటీ హాలు కట్టిస్తానని, పాతికేళ్లుగా గెలుస్తూనే ఉన్న మా ఎమ్మెల్యే గారు ఎప్పుడో శంకుస్థాపన చేశారు. హాలు రాలేదు. దిమ్మె కూలిపోతే, ఆయన పేరు చెక్కిన రాయిని కుళాయి దగ్గర వేసుకుని బట్టలు ఉతుక్కుంటున్నాను. మొన్న అదే హాలుకు మళ్లీ కొబ్బరికాయ కొట్టడానికి వచ్చి, ఆయన నా ముందు ఆగారు.

"ఏందమ్మా, నా పేరు మీద బట్టలుతుకుతున్నవా?"

చేతిలో దుప్పటి వదల్లేదు.

"మీ రాయి మాకు పనికొచ్చింది గిట్లనే సార్. హాలు కట్టిననాడు ఇచ్చేస్త."

ఆయన మనుషులు రాయిని లాగబోతే, దానిమీదే కూర్చున్నాను. చివరికి "పోనీండ్రి" అంటూ ఆయనే ముందుకు నడిచారు.

ఆ రోజు భయపడి ఉంటే రాయి కూడా మిగిలేది కాదు. ఇప్పుడు ఆయన మొన్న వేసిన కొత్త రాయి మీద పక్కింటి సుజాత కన్నేసింది.