చివరిసారి పూర్తయిన తేదీ

ఆఫీసులో ఆమెను వెనకాల గడులక్క అనేవారు. ఎదురుపడితే మామూలుగా అక్కా అనే పిలిచేవారు. నలభై రెండేళ్ళ మనిషి. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, కాగితం ఫారాలను కంప్యూటర్లోకి ఎక్కించే కొట్లో పదకొండేళ్ళు టైపు చేసింది. అక్కడి సూపర్‌వైజరుది ఒకటే పాట: "తప్పు పడితే దిద్దుకోవచ్చు. గడి ఖాళీగా వదిలారో, ఊరుకోను." పుట్టిన తేదీ లేని ఫారం వస్తే మనిషి వయసు చూసి, ఉజ్జాయింపుగా ఓ తేదీ వేసేవారు. ఖాళీ గడి కనిపిస్తే ఆమెకు ఇప్పటికీ పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది.

ఆ కొట్లో పని తెమిలాక ఒక్కతే కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. "ఈ వయసులో చదువేమిటే? నాకంటే ముందు నీకే కళ్ళజోడొస్తుంది" అని అత్తగారు ఆటపట్టించేది. కళ్ళజోడూ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది.

ఊళ్ళోని ఆఫీసులు తమ రికార్డులకు వారానికోసారి నకలు తీయించి, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలో దాచుకుంటాయి. దాన్నే క్లౌడ్ బ్యాకప్ అంటారు. ఆ నకళ్ళ వివరాలు చూపించే ప్రోగ్రాములు రాసేవాళ్ళకు, ఆమె కంపెనీ సగం వండిన సరుకు అందిస్తుంది. దాని పేరు లైబ్రరీ. అందులో గడులక్క రాసిన ముక్క చిన్నదే. నకలు ఏ రోజు తీయాలి, ఎన్ని గంటలకు, ఎన్నాళ్ళు ఉంచాలి, చివరిసారి ఎప్పుడు పూర్తయింది. ఈ నాలుగే.

నాలుగోదే తంటా తెచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకు ఇంకా ఒక్క నకలూ తీసి ఉండరు గనక ఆ తేదీ ఖాళీగా వచ్చేది. ఖాళీ రాగానే వాళ్ళ ప్రోగ్రాములు కుప్పకూలేవి. ఫోన్ల మీద ఫోన్లు. "ముందు ఈ గోల ఆపు అక్కా, రెండ్రోజుల్లో సరిగ్గా చేద్దాం" అన్నాడు టీం లీడర్. ఆమె ఒక్క వాక్యం రాసింది. పూర్తయిన తేదీ ఖాళీగా ఉంటే, తీయాల్సిన తేదీనే అక్కడ వెయ్యి. గోల ఆగింది. ఆ రెండ్రోజులు నాలుగేళ్ళయ్యాయి.

అప్పుడొచ్చింది ఆస్పత్రి ఫోను. క్యాన్సర్ రోగులకు కిరణాల వైద్యం చేసే ఆస్పత్రి అది. ఎవరికి ఎన్నిసార్లు, ఎంత మోతాదు పెట్టారో రాసి ఉంచిన కంప్యూటర్ కాలిపోయింది. నకలు కోసం వెతికితే ఏడు నెలలుగా ఒక్కటీ లేదు. పాస్‌వర్డ్ మారిన దగ్గర్నుంచి నకలు తీయడం ఆగిపోయింది. ప్రతి సోమవారం తెర చూసి, నకలు సరిగా ఉందని సంతకం పెట్టేది రికార్డుల గుమాస్తా. ఫోను చేసింది ఆ అమ్మాయే.

"చూడకుండా సంతకాలు గీకానని ఉద్యోగం తీసేస్తామంటున్నారండీ. నేను చూశాను. నిన్నటి తేదీ ఉండేది. నా కళ్ళేం కాకులెత్తుకుపోలేదు కదా! ఆ తెర కూడా కాలిన దాంట్లోనే పోయింది, చూపిద్దామన్నా లేదు."

"కనుక్కుని చెప్తానమ్మా" అని గడులక్క ఫోను పెట్టేసింది. తను రాసిన వాక్యం తెరిచి చూసింది. నకలు తీయడం కుదరని వారమూ ఆ గడి ఖాళీగానే వస్తుంది; ఏడు నెలలుగా అక్కడ తేదీ వేస్తున్నది ఈ వాక్యమే.

"పాస్‌వర్డ్ మార్చుకుంది వాళ్ళు, మనం కాదు" అన్నాడు టీం లీడర్. "తీగ లాగితే డొంకంతా కదులుతుంది. నువ్వు గమ్మునుండు అక్కా."

"మరి ఆ అమ్మాయి?"

"ఆమెని మనమేమన్నా తీసేస్తున్నామా?"

ఇంట్లో అన్నం సయించలేదు. అత్తగారు అడిగి అడిగి విషయం రాబట్టింది. "నోరు మూసుకుంటే నీ ఉద్యోగం ఉంటుంది, తెరిస్తే ఆ పిల్లది. రెండూ నిలిచే దారుంటే నాక్కూడా చెప్పు" అని కంచం తీసేసింది.

గడులక్క ఐదు రోజులు కక్కలేక మింగలేక గడిపింది. ఆరో రోజు ఆ అమ్మాయి మళ్ళీ చేసింది.

"రేపు పదింటికి విచారణ. ఒక్క మాట చెప్పండి చాలు. మీ తేదీ అబద్ధం చెప్తుందా, చెప్పదా?"

"చెప్తుంది" అంది గడులక్క. "ఆ అబద్ధం రాసింది నేనే."

మర్నాడు ఉత్తరం రాసుకుని, ఆ వాక్యం అచ్చు తీసుకుని, బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళింది. నడవాలో బెంచీల మీద రోగులు. ఒక పెద్దావిణ్ణి టెక్నీషియన్ అడుగుతున్నాడు.

"ఇప్పటికి ఎన్నిసార్లయింది పెద్దమ్మా?"

"పన్నెండో, పదమూడో. మీ దగ్గర రాసుండదా నాయనా?"

అతను లోపలికి పోయాడు.

విచారణ గదిలో ఉత్తరం చదివించుకున్నారు. "ఇది మీరే రాశారా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఔనంది. బయటికి వచ్చేసరికి టీం లీడర్ ఫోను: "రేపట్నుంచి రానక్కర్లేదు. చెప్తే విన్నావా!"

కాసేపటికి గుమాస్తా వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, పీలగా ఉంది. "ఉంచుతామన్నారు" అంది. మొహంలో సంతోషం లేదు.

"నన్ను క్షమించమ్మా."

"మొదటి రోజే ఎందుకు చెప్పలేదండీ?" ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "నకలు ఎక్కడో ఉండి తీరుతుందని డాక్టర్లకి నేనే ఒట్టేసి చెప్పాను. తేదీ చూశాను కదా! రేపో మాపో దొరుకుతుంది, మధ్యలో ఆపితే జబ్బు ముదురుతుందని వాళ్ళు ఉజ్జాయింపు మీద పెట్టుకుంటూ వచ్చారు. ఆ బెంచీ మీది పెద్దమ్మకి ఈ ఐదు రోజుల్లో రెండుసార్లు. ఇప్పుడు ఒళ్ళు కమిలింది చూసి మోతాదు ఎక్కువైందంటున్నారు."

ఆ అమ్మాయి గిర్రున తిరిగి రికార్డుల గదిలోకి వెళ్ళిపోయింది.

గడులక్క అక్కడే బెంచీ మీద కూలబడింది. పక్కన కూర్చున్న ఆ పెద్దావిడ ఆమె కళ్ళజోడు కేసి, చేతిలోని కాగితాల కేసి చూసి, కాస్త జరిగి చోటిచ్చింది.

"నీకిది ఎన్నోసారి తల్లీ?"

గడులక్క కాగితాలను మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వే గుర్తుపెట్టుకో" అంది పెద్దావిడ, చెవి దగ్గరగా వంగి. "వీళ్ళ దగ్గర లెక్కలు పోయాయట."