ఉప్పునీళ్లు తగిలిన సైకిలు

పొద్దున వీధిలో ఎవరో సైకిల్ చైనుకు కిరసనాయిలు రాస్తున్నారు. ఆ వాసనకు తోటపల్లి గూడూరులో మా వాకిలి గుర్తొచ్చింది.

నాన్న చేపలమ్ముకుని రాగానే సైకిలు కడిగేది నేనే. మీ ఇళ్లలోనూ ఇంతే కదా? బుట్టలోంచి కారిన ఉప్పునీళ్లు ఇనుమును ఊరికే వదలవు.

"ముందు మంచినీళ్లతో రిమ్ములు కడుగు పాపా. తడి తుడిచినాకనే చైనుకు కిరసనాయిలు పెట్టు" అనేవాడు నాన్న.

పక్క ఊరి హైస్కూలుకు పోవడానికి అన్నకు కొత్త సైకిలు కొన్నాడు. మరుసటేడు అదే బడికి పోవడానికి నేనూ సైకిలు అడిగాను.

"ఆడపిల్లకి సైకిలెందుకు? చదివింది చాల్లే" అన్నాడు.

నా చదువు అక్కడితో ఆగిపోయింది.

ఆ సాయంత్రం అన్న సైకిలు మీద ఉప్పు కాలవ నీళ్లలోంచి దాటి ఇంటికొచ్చాడు. నాన్న నన్నే పిలిచాడు.

"పాపా, అన్న సైకిలు కడుగు. వాడికి చేతకాదు."