మైకులో చదివేసిన మా తావు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. నేను సరంగుని. అంటే చేపల బోటు నడిపేవాణ్ణి, అందులో పనిచేసే కళాసీల ప్రాణాలకి పూచీ ఉండేవాణ్ణి. బందరు గిలకలదిండి రేవులో చిన్నప్పుడు బోటెక్కి, మోకాళ్లు అరిగాక దిగాను. దిగడానికి కొన్నేళ్ల ముందు జరిగిందిది.

మా పనిలో ఒక పద్ధతుంది. చేప దొరికే తావు ఎవరిది వాళ్లదే, బయటికి చెప్పరు. నా తావు దీపస్తంభం కనుమరుగయ్యాక ఇంకా చాలా దూరం. సీసపు గుండుకి సబ్బు పూసి తాడుతో దింపితే, నీలం మట్టి అంటుకొచ్చే చోటది. అసలు మా నాన్నది. ఆయన ఒక గాలివానలో తిరిగి రాలేదు. ఆయన దగ్గర అంతకుముందు పనిచేసిన ముసలి కళాసీ చాలా ఏళ్లకి నాకు చూపించాడు. నాన్నలాగే నేనూ రేవులో "దివిసీమ వైపు" అని చెప్పి, అటు కాస్త వెళ్లి మళ్లీ నా తావుకేసి తిరిగేవాణ్ణి.

ఆ ఉదయం బోటులోకి ఐసు ఎక్కిస్తున్నాం. రేవు మైకులో ఉపగ్రహం కబురు చదువుతున్నారు. ఆకాశంలోంచి నీళ్ల వేడీ రంగూ చూసి చేప ఎక్కడ చేరుద్దో చెప్తారన్నమాట. ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు. వింటా వింటా ఐసు గంప జారవిడిచాను. అది నా తావే!

మా చెల్లెలి మొగుడు ఏసుబాబు పక్క బోటు సరంగు. "ఏం బావా, మొహం అట్టా పాలిపోయింది? నీ చేప దివిసీమ వైపేగా?" అన్నాడు.

"కోట్లు తగలేసి రాకెట్లు పంపింది నా నోటికాడ కూడు లాక్కోడానికా?" అన్నాను.

"సముద్రానికి నీ పేరున పట్టా ఉందా ఏంటి?"

వెళ్లి చూద్దునుగదా, నా తావు నిండా బోట్లు, తిరునాళ్లలాగా. ఓ పక్కన నేనూ వల దింపాను. మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. అందరూ వలలు లాగి తిరుగుముఖం పడుతుంటే నా గేరుబాక్సు విరిగింది. ఇంజను అరుస్తోంది, నీళ్లలో బోటుని నెట్టే ఫ్యాను తిరగదు. బోటు కెరటాలకి అడ్డం పడింది. వైర్‌లెస్ సెట్టు అందుకున్నాను. దాంట్లో మాట దగ్గర బోట్లకే వినపడుద్ది. మిగతా రోజుల్లో అక్కడ నాకు దగ్గరెవరు?

"అరవకు బావా, కనపడుతున్నావులే. తాడు అందుకో."

ఏసుబాబు బోటు నన్ను లాక్కెళ్తుంటే వెనక్కి తిరిగి ఆ నీళ్లకేసి చూశాను. అప్పుడు తట్టింది. నాన్న రానప్పుడు రేవులో బోట్లన్నీ వెతకడానికెళ్లాయి. ఆయన చెప్పిన దివిసీమ వైపే వెళ్లాయి. అమ్మ ఏడిస్తే మళ్లీ వెళ్లాయి, మళ్లీ అటే. ఇటు ఒక్కళ్లూ రాలేదు.

చంద్రుడి మీదకి అంత ఖర్చెందుకని మనవలు వాదించుకుంటారు. చంద్రుడి సంగతి నాకు తెలీదు. ఉపగ్రహం వల్ల నాకు చేప తగ్గింది, ఆ మాటా చెప్పాలి. కానీ నేను బతికుంది నా తావు అందరికీ తెలిసినందుకే. అందుకని ఉపగ్రహానికి పెట్టిన డబ్బు దండగ అనను. గేరుబాక్సు బాగైనప్పట్నుంచి రేవులో నిజం చెప్పే బయల్దేరాను.

మీ గడప దాటినవాళ్లు ఎటెళ్లారో మీకు తెలిసుండాలి. అందరూ అన్నం వేళకి ఇల్లు చేరాలి. చల్లగా ఉండండమ్మా.