నత్తలు తిన్న రాజుగారి ముక్కు

మైదా జిగురు ఉడికేటప్పుడు వచ్చే వాసనను ఏ కవీ వర్ణించినట్టు లేదు. అంత గొప్పగా ఉండదు కూడా. పచ్చి రొట్టెకూ తడిసిన కాగితానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. మొన్న ఆదివారం మా దీవిలో, మిన్నీ బేలోని మా ఇంట్లో ఆ వాసనే వచ్చింది. బయట వాన, లోపల ఇంటర్నెట్ లేదు, మా అక్క కూతురు చిన్ని "పిన్నీ, బోర్" అంటూ నా చుట్టూ తిరుగుతోంది. కాగితంతో ముసుగు చేద్దామని మైదా నీళ్ళలో కలిపి పొయ్యి మీద పెట్టాను. ఆవిరి ముఖానికి తగలగానే నర్సమ్మ దీదీ గుర్తొచ్చారు. ఇలా మొదలుపెడితే ఆవిడ పోయారనుకుంటారు. పోలేదు. రిటైరై ఈ ఊళ్ళోనే, బతు బస్తీలో ఉన్నారు. నిన్ననే ఫోన్లో నన్ను తిట్టారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దీదీ మా పేట లైబ్రరీలో పిల్లల గది చూసుకునేవారు. ఆవిడ తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ప్రతి శనివారం ఆవిడ కథ చదివి, ఆ కథలోంచి ఏదో ఒక వస్తువు మాతో చేయించేవారు. సరుకంతా ఉచితమే: మా నాన్నల చిరిగిన వలముక్కలు, పాత వార్తాపత్రికలు, చాతం రంపపు మిల్లు నుంచి ఎవరో సంచిలో తెచ్చే ఎర్రటి చెక్కపొట్టు. నేను వెళ్ళింది కళ మీద ప్రేమతో కాదు, అక్కడ ఫ్యాను తిరిగేది. వెనక వరసలో కూర్చుని, ఎవరైనా చెక్కపొట్టుతో పువ్వు చేస్తే "దీదీ, ఇది గులాబీయా, యాక్సిడెంటా?" అనేదాన్ని. అందరూ నవ్వేవారు, దీదీ తప్ప. ఒకరోజు ఆవిడ కత్తెర కింద పెట్టి, "ఆ నోరు ఖాళీగా ఎందుకే? వచ్చే శనివారం నించి బొమ్మలికి మాటలు నువ్వే సెప్పాల. సమ్‌ఝీ?" అన్నారు. నన్ను శిక్షించారనే అనుకున్నాను.

ఆ వానాకాలంలోనే పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. పిల్లల గదికి ఎవరూ రావడం లేదట, అందులో విరిగిన కుర్చీలు పెడతారట. శనివారం అక్కడి సారొచ్చి చూసి తేలుస్తారు. దీదీ ఆ వారమంతా చాయ్‌లో చక్కెర వేసుకోవడం మరిచిపోయారు. బొమ్మలాట వేద్దామన్నారు. కాగితపు గుజ్జుతో ఒక రాజు, ఒక మొసలి తయారయ్యాయి. జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం, అదే ఆ నీలం విషం, వేస్తారు కదా, దీదీ వెయ్యనిచ్చేవారు కాదు. "బచ్చాలు యేళ్ళు నాకుతారే. అందులో మందెలా యేస్తాను?" అనేవారు. బొమ్మలను వరండాలో ఆరబెట్టి ఇళ్ళకు వెళ్ళాం.

పిల్లలకు మంచిదైతే నత్తలకూ మంచిదేనని మాలో ఎవరికీ తట్టలేదు. మా దీవుల్లో వానపడితే అరచేతంత నత్తలు బయలుదేరతాయి. శనివారం పొద్దున వెళ్ళేసరికి రాజుగారికి ముక్కు లేదు. మొసలికి ఒక్క పన్నూ మిగల్లేదు. కిరీటం మీద ఒక నత్త తీరిగ్గా నిద్రపోతోంది. చిన్నపిల్లలు గొల్లుమన్నారు. నేను కూడా ముక్కు తుడుచుకుని, జలుబని అందరికీ చెప్పాను.

దీదీ రాజుని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు. "రోనా బంద్. ఏటి పోయిందో తరవాత సూద్దాం. ఏటి మిగిలిందో ముందు సూడండి." తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, ఇన్నాళ్ళూ వెనకనించి వాగేవు కదా. ఇప్పుడు ముందుకొచ్చి వాగు" అన్నారు.

సారు వచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నారు. గదిలో పిల్లలు, వాళ్ళను వెతుక్కుంటూ వచ్చిన తల్లులు. నేను తెర వెనక రాజుని పైకెత్తాను. మేం అనుకున్న కథ అప్పటికే నత్తల కడుపులో ఉంది. "నా ముక్కు ఎవడు తిన్నాడు? మొసలిని అరెస్టు చెయ్యండి!" అన్నాను. మొసలి నోరు తెరిచింది. "హుజూర్, నా దగ్గర పళ్ళేవీ? గంజి తాగి బతుకుతున్నాను!" ఒక తల్లి పకపకా నవ్వింది. విచారణ సాగుతుండగా దీదీ అసలు ముద్దాయిని, ప్రాణంతో ఉన్న నత్తనే, బల్ల మీద పెట్టారు. అది మెల్లగా రాజుగారి వైపు నడిచింది. "మిగతా ముఖం కోసం వస్తోంది, బచావ్!" అని రాజు అరిచాడు. గది గోల గోలైంది. సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అగ్‌లే శనివార్ రాజాకి కొత్త ముక్కు వస్తుందా?" అని అడిగారు.

"మీరొస్తే వస్తాది, సార్" అన్నారు దీదీ.

ఆ విరిగిన కుర్చీలు గదిలోకి రానేలేదు, ఇప్పటికీ వరండాలోనే ఉన్నాయి. నాటకం అవ్వగానే దీదీ చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేసుకోవడం చూశాను.

మొన్న చిన్ని చేసిన పిల్లి ముసుగుకు తేమకి ఒక చెవి ఊడిపోయింది. చిన్ని రాగం ఎత్తుకుంది. నా నోట్లో ఒక జోకు సిద్ధంగానే ఉంది గానీ, ఎందుకో దీదీ గొంతే బయటికొచ్చింది: "ఏటి మిగిలిందో ముందు సూడు." చిన్ని ముక్కు చీదుకుని, ముసుగు తగిలించుకుని అద్దంలో చూసుకుంది. "అయితే నువ్వు తిట్టేటప్పుడు ఇటు పక్క నిలబడు" అంది, చెవి లేని వైపు చూపిస్తూ.

మిగిలిన జిగురులో మైలుతుత్తం వెయ్యలేదు. చిన్ని అప్పటికే వేలు నాకేసింది. గిన్నెను మాత్రం ఉప్పునీళ్ళ పళ్ళెంలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాను. నత్తలను నేను ఇప్పటికీ నమ్మను.