గరిటె దెబ్బ

ముల్లాయనకి చెవుడొచ్చిందని వీధంతా చెప్పుకున్నారు. ఇస్త్రీ కొట్టతను ఇంకో మెట్టెక్కి, "వినపడక ఊరికే స్క్రూలు తిప్పుతాడు, బాగైతే మన అదృష్టం" అన్నాడు. రికార్డు ప్లేయర్లు, వాటి ముళ్లు బాగుచేసే మనిషికి చెవుడంటే ఎవరికి నవ్వు రాదు?

టైలరమ్మకి మాత్రం రాలేదు. పోయిన నాన్న పాడిన రికార్డు ఆవిడ దగ్గర ఒక్కటే ఉంది. పాట అయిపోయాక ఆయన ఎవరినో "సరిగ్గా వచ్చిందా?" అని అడుగుతాడు. ఆవిడకి పాటకన్నా ఆ మాటే ఇష్టం. కొన్నాళ్లుగా మొదట్లో బాగానే పలికి, చివరికొచ్చేసరికి గొంతు బొంగురుపోతోంది. ఆ మాటైతే మోతలో కలిసిపోతోంది. రికార్డు అరిగిపోయిందేమోనని గుండెల్లో రాయి పడింది. ఇంకో దిక్కు లేక, ప్లేయరునీ రికార్డునీ ముల్లాయన కొట్టుకే మోసుకొచ్చింది.

ఆయన ప్లేయరు మీద ముల్లున్న చేతిని ఎత్తి చూసి మొహం చిట్లించాడు.

"ఈ ఇనప నట్టేంటమ్మా?"

"ముల్లు గెంతుతోంటే బరువుకి అతికించాను, బాబాయ్."

"ఇంట్లో రోకలి దొరకలేదా?"

ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆయన నట్టు పీకి, చేతి వెనకున్న గుండు తిప్పి, ముల్లు మోపే బరువు చిన్న కాటా మీద రెండు గ్రాములకి తెచ్చాడు. ముల్లుని పట్టుకునే కాట్రిడ్జి స్క్రూలు రెండూ వదులుచేసి, గీతలున్న అట్టముక్క మీద వంకర సరిచేశాడు. తర్వాత తన పాత రికార్డొకటి పెట్టాడు.

"నీది ఇప్పుడే వద్దు. సరిగ్గా కుదరని ముల్లు పెట్టినప్పుడల్లా గాడి అరుగుతుంది."

పాట సాగుతుండగా తెర వెనక వంటింట్లో గిన్నె మీద గరిటె రెండుసార్లు మోగింది. ఆయన కాట్రిడ్జిని కాస్త ముందుకి జరిపాడు. మళ్లీ పాట. ఈసారి ఒక్కటే దెబ్బ.

"లోపల ఆ గోలేంటి బాబాయ్? పాట వినపడొద్దూ?"

"సన్నటి శబ్దాలు నాకెలాగూ వినపడవమ్మా" అన్నాడాయన తలెత్తకుండా.

అయితే నిజమేనన్నమాట! టైలరమ్మ గబుక్కున రికార్డు చంకలో పెట్టుకుంది.

"వద్దులే బాబాయ్. ప్లేయరిచ్చెయ్, పోతాను."

"కూర్చో. అమ్మాయ్, ఒకసారి ఇలా రా!"

తెర కదిలింది. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని కోడలు, చేతిలో గరిటెతో, నేల చూపులు చూస్తూ వచ్చింది.

"చెప్పమ్మా."

"స, శ అక్షరాల దగ్గర ఇంకా గీరుతోంది మామయ్యా. రెండు దెబ్బలంటే ముందుకి, ఒకటంటే వెనక్కి కదా. మీరే ఎక్కువ జరిపారు."

"చూశావా, మామనని కూడా చూడదు" అని మురిసిపోతూ ఆయన వెంట్రుకవాసి వెనక్కి నెట్టాడు.

మళ్లీ పాట. గరిటె కదల్లేదు. అప్పుడు ఆయన టైలరమ్మ వైపు చెయ్యి చాపాడు. ఆవిడ ఒక క్షణం తటపటాయించి రికార్డు ఇచ్చింది.

నట్టు చేసిన గరగర అక్కడక్కడా మిగిలే ఉంది. కానీ పాట ముగిశాక ఆ గొంతు పక్కగదిలోంచి అడిగినంత స్పష్టంగా అడిగింది: "సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది" అంది కోడలు, నోట్లో నోట్లోనే.

టైలరమ్మ ఇనప నట్టుని గుప్పిట్లో బిగించింది.

ముల్లాయనకి సన్నటి శబ్దాలు వినపడక ఆరేళ్లయింది. అంతవరకు వీధి చెప్పుకున్నది నిజమే. ఆ ఆరేళ్లలో కోడలు వినకుండా ఆ కొట్టు గడప దాటిన ప్లేయరు ఒక్కటీ లేదు.