ఎలుగును గుద్దిన చెయ్యి

2004 మొదట్లో భద్రాచలంలోని ప్రభుత్వ ఆసుపత్రికి, ఎముకల విభాగంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా నాకు పోస్టింగ్ వచ్చింది. చేరిన కొద్ది రోజులకే ఒక సంగతి గమనించాను. ఓపీకి ఎముకలు విరిగి వచ్చేవాళ్లలో చేతివి విరిగినవాళ్లు చాలామంది. చెయ్యి అంటే మా లెక్కలో మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకానే. వీళ్లలో ఎక్కువమంది పడుచు మగవాళ్లు. కబడ్డీలో వేలు మడతపడినవాళ్లు, నూర్పిడి మిషన్లో చెయ్యి ఇరికినవాళ్లు, కోపమొచ్చి తలుపును గుద్దినవాళ్లు. ముసలితనంలో మాత్రం జారిపడే ఆడవాళ్లు ఎక్కువ.

తలుపును గుద్దినవాళ్లకు ఎముక విరిగే తీరుకు మా వృత్తిలో బాక్సర్ ఫ్రాక్చర్ అని పేరు. పిడికిలి బిగించి గుద్దితే, చిటికెన వేలి కింద అరచేతిలో ఉండే ఎముక మెటిక దగ్గర విరుగుతుంది.

మార్చి చివర ఒక పొద్దున చర్ల అవతలి అడవి పల్లె నుంచి అత్తాకోడళ్లు జీపులో వచ్చారు. అత్త జోగమ్మ ఎడమ భుజం మీద లోతైన గోళ్ల గాయాలు. కోడలు నాగమణికి పాతికేళ్లుంటాయి. కుడి చెయ్యి బూరెలా వాచింది. ఎక్స్‌రే తీయిస్తే అచ్చంగా బాక్సర్ ఫ్రాక్చర్. ఆడవాళ్లలో అది నాకు అరుదుగానే కనిపించేది. డ్యూటీ నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వీళ్లే కొట్టుకుని ఉంటారని నా చెవిలో అంది.

"దేన్ని గుద్దినవమ్మా?" అని నాగమణిని అడిగాను.

"ఎలుగును సారూ."

తెల్లవారుతుండగా ఇద్దరూ ఇప్పపువ్వు ఏరబోయారు. ఆ పువ్వంటే ఎలుగుబంట్లకూ ఇష్టమే. జోగమ్మ వంగి ఏరుతుంటే పొద చాటు నుంచి ఒక ఎలుగు వచ్చి మీద పడింది. నాగమణి ఉరికొచ్చి దాని ముక్కు మీద గుద్దింది. అది వదిలేదాకా గుద్దుతూనే ఉంది. పక్క చెట్ల కింద ఏరుతున్నవాళ్లు కేకలేస్తూ రావడంతో అది అడవిలోకి పోయింది.

"కట్టె దొరికితే కట్టెతోనే కొడుదును సారూ. చేతుల ఏం లేకుండె," అందామె, గుద్దినందుకు సంజాయిషీ చెబుతున్నట్టు.

జోగమ్మ గాయాలు కడిగించి రేబిస్ టీకా మొదలుపెట్టాం. నాగమణి పిడికిలి ముడిస్తే చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కుతోంది. అలాగే అతుక్కుంటే పట్టు ఉండదు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, ఎముక సరిచేసి, వేళ్లు వంచి పిండికట్టు వేశాను. నెల దాకా తియ్యొద్దని చెప్పాను.

ఆమె ఒప్పుకోలేదు. భర్త మిరప కోతలకు పోయాడు, పువ్వు రాలే కాలం, పని ఆగదు. "గన్ని దినాలు నాతోని కాదు సారూ," అంది. పనికి అడ్డొస్తుందని ఇంటికెళ్లి కట్టు కోసేసుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఈమె చెయ్యీ అలాగే అవుతుందని భయపడ్డాను.

అప్పుడు జోగమ్మ అందుకుంది. "నాకు కుడిచెయ్యి మంచిగున్నది. దీనికి ఎడమది ఉన్నది. ఇద్దరికి రెండు చేతులు చాలయా?"

"నీ భుజం చూసుకో ముందుగాల."

"బువ్వ గూడ నేనే తినిపిస్త. నోర్మూసుకో."

నాగమణి తల తిప్పుకుంది కానీ, కట్టు ఉంచుకోవడానికి ఒప్పుకుంది.

తర్వాతి టీకాలకు వచ్చినప్పుడల్లా జోగమ్మ కోడలిని వెంటబెట్టుకొచ్చేది. కట్టు మట్టికొట్టుకుపోయి ఉండేది, కానీ చెక్కుచెదరలేదు. "ఇది కొడవలి ఎతుకుతాంది సారూ, కట్టు కోసుకోనీకి. నేను దాసిపెట్టిన," అని ఒకసారి ఫిర్యాదు చేసింది. "అవ్, నిజమే," అని నాగమణి ఒప్పుకుంది.

కట్టు విప్పాక వేళ్లు కొన్నాళ్లు బిగుసుకుని ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో ముడుస్తూ చాపుతూ ఉండమన్నాను. ఆఖరుసారి వచ్చినప్పుడు పిడికిలి బిగించి చూపించింది. వేళ్లన్నీ వరసగా ముడుచుకున్నాయి. జోగమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. ముగ్గురం నవ్వాం.

చేతి ఎముకలు సాధారణంగా ఎవరికి విరుగుతాయో తెలిస్తే డాక్టరుకు ఉపయోగమే. ఎదురుగా ఉన్న మనిషిది ఎలా విరిగిందో మాత్రం అడిగి తెలుసుకోవలసిందే. ఆ వేసవి తర్వాత ఇంకో ప్రశ్న కూడా నాకు అలవాటైంది. కట్టు వేసే ముందు, ఈ చెయ్యి చేసే పని ఇంట్లో ఎవరు చేస్తారని అడిగేవాణ్ని. ఎవరూ లేరంటే ఇంటివాళ్లనో ఇరుగుపొరుగునో పిలిపించి మాట్లాడేవాణ్ని. అలా చేసినచోట కట్లు ఎక్కువగా నిలిచాయి.